బొమ్మలో ఉన్నావిడకి ఎంత ఇచ్చారు?

మన వైపు పెళ్లి సంబంధాల దగ్గర ఇప్పటికీ చెల్లుబాటయ్యే మాట ఒకటుంది. "అమ్మాయి బాపు బొమ్మండీ!" ఆ మాట పడ్డాక పిల్ల ఏం చదివింది, ఏ ఉద్యోగం చేస్తోంది అన్నవన్నీ వెనక్కి పోతాయి. బాపు గారు 1933లో మన నరసాపురంలోనే పుట్టారు, ఆయన గీతంటే నాకు పిచ్చి, అసలు నేను పెన్సిల్ పట్టిందే ఆ బొమ్మలు చూసి. కానీ ఆ వాలుజడ, ఆ చేప కళ్లు, ఉందో లేదో తెలియని ఆ నడుము ఫలానా ఆవిడవి అని చెప్పడానికి లేదు. ఎవరూ కాని ఒకమ్మాయి కొలతలకి గోదావరి జిల్లాల్లో ఎంతమంది ఆడపిల్లలు సరిపోలేదనిపించుకున్నారో లెక్కలేదు. నేనూ అనిపించుకున్నాను, అది వేరే పోస్టు.

కళాకారుడి వెనక ఉండే "మ్యూజ్", అంటే అతనికి స్ఫూర్తినిచ్చే మనిషి గురించి ఈ మధ్య చదువుతుంటే ఇదంతా గుర్తొచ్చింది. మన దగ్గర మ్యూజ్‌లు ఎక్కువగా ఊహాసుందరులే. పిఠాపురం దగ్గర పుట్టిన కృష్ణశాస్త్రి గారికి ఊర్వశి ఉంది, ఆవిడ ఎక్కడా నేల మీద కాలు మోపదు. భావకవుల ప్రేయసులందరూ ఇంచుమించు అంతే, వెన్నెల్లోనో మబ్బుల్లోనో ఉంటారు, కందిపప్పు నిండుకుందని ఒక్కరూ చెప్పరు. నండూరి వారి ఎంకి కాస్త నయం, పల్లెటూరి మనిషి, తన మాట తనే పాడుతుంది కూడా, కాకపోతే ఆ మాటలు రాసిచ్చింది సుబ్బారావు గారు. ఊహలో మనిషితో ఉన్న సుఖం ఏంటంటే ఆవిడకి నడుం నొప్పి రాదు, వయసు రాదు, "ఇది నేను కాదు" అని అడ్డం తిరగదు.

యూరప్ వాళ్లు నిజం మనుషుల్ని కూర్చోబెట్టి వేశారు కాబట్టి అక్కడ పరిస్థితి మెరుగేమో అనుకోకండి. పాతకాలం గ్రీకుల మ్యూజ్‌లు తొమ్మండుగురూ దేవతలు, కవి ముందు వాళ్లకి దణ్ణం పెట్టుకుని ఆ తర్వాతే నోరు తెరిచేవాడు. పంతొమ్మిదో శతాబ్దానికి ఆ బిరుదు మోడల్‌గా కూర్చునే అమ్మాయిలకి దక్కింది, దణ్ణం మాత్రం దక్కలేదు. లండన్‌లో ఎలిజబెత్ సిడాల్ అని టోపీల కొట్లో పనిచేసిన పిల్ల ఉండేది. జాన్ మిలే అనే చిత్రకారుడు ఆమెని చలికాలంలో నీళ్లతొట్టిలో పడుకోబెట్టి, ఏట్లో తేలుతున్న ఒఫీలియా (షేక్స్పియర్ హామ్లెట్ నాటకంలో అమ్మాయి) బొమ్మ వేశాడు. 1852లో పూర్తయిన ఆ బొమ్మ ఇప్పుడు టేట్ మ్యూజియంలో ఉంది. నీళ్లు చల్లారకుండా తొట్టి కింద దీపాలు పెట్టారు, ఒకరోజు అవి ఆరిపోయాయి. ఈయనగారు పనిలో పడి చూసుకోలేదు, ఆ పిల్ల నోరు విప్పలేదు. జబ్బు పడింది. వాళ్ల నాన్న వైద్యం ఖర్చు కింద 50 పౌండ్లు కట్టమని అడిగాడు, చివరికి అంతకన్నా తక్కువకే సర్దుకున్నారు. ఈ కథ మొత్తంలో నాకు నచ్చిన మనిషి ఆ తండ్రే!

ఆమె తర్వాత రోసెట్టి అనే మరో చిత్రకారుణ్ణి పెళ్లి చేసుకుంది. 1862లో ఆమె చనిపోతే ఆయన తన కవితల రాతప్రతిని ఆమెతో పాటే పెట్టెలో పెట్టి పాతిపెట్టాడు, ఏడేళ్లకి మనసు మార్చుకుని సమాధి తవ్వించి బయటికి తీయించాడు. పుస్తకం వేసుకోవాలి మరి. ఆమె కూడా బొమ్మలు వేసిందనీ, కవితలు రాసిందనీ, రస్కిన్ అంతటి కళా విమర్శకుడు ఆమె బొమ్మలు డబ్బిచ్చి కొన్నాడనీ చెప్పేవాళ్లు తక్కువ, అందరూ ఆ తొట్టి దగ్గరే ఆగిపోతారు.

మార్పు మొదలైంది మోడళ్లే బ్రష్ పట్టుకున్నాక. మానే అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన ఒలింపియా బొమ్మకి కూర్చున్న విక్టరీన్ మెరాన్ తర్వాత తనే చిత్రకారిణి అయింది. 1876లో పారిస్ సలోన్ అనే పెద్ద చిత్రప్రదర్శన ఆవిడ బొమ్మని తీసుకుని మానే పంపినవి తిప్పికొట్టింది, ఆ రోజు మానే మొహం ఎలా ఉందో చూడాలని నాకు మహా కోరిక. సుజాన్ వలదాన్ అనే ఆవిడ రెన్వార్, లొత్రెక్ అనే చిత్రకారులకి మోడల్, ఆర్ట్ స్కూలుకి వెళ్లే స్తోమత లేక కూర్చున్న చోటినుంచే వాళ్ల చేతుల్ని గమనించి నేర్చుకుంది. 1923లో ఆవిడ వేసిన "నీలి గది" చూడండి. ఒక భారీ మనిషి, చారల పైజామా, నోట్లో సిగరెట్టు, కాళ్ల దగ్గర పుస్తకాలు, మంచం మీద వాలి ఎటో చూస్తుంటుంది. చూసేవాళ్ల కోసం పొట్ట లోపలికి పీల్చుకోవడం లాంటివేమీ లేవు.

మన రాజమండ్రిలోనూ ఉంది ఇలాంటి సంగతి. కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చిత్రకళ నేర్చుకొచ్చిన దామెర్ల రామారావు గారు 28 నిండకుండానే 1925లో మశూచితో పోయారు. ఆయన పేరు మీదున్న గ్యాలరీకి వెళ్తే "పుష్పాలంకరణ" ముందు అందరూ ఆగుతారు, ఆ ఆడవాళ్ల సోయగం గురించి మాట్లాడుకుంటారు. ఆయన భార్య సత్యవాణి గారు, సోదరి బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారులే. ఒకే ఇంట్లో ముగ్గురు బొమ్మలేసేవాళ్లుంటే, వందేళ్ల తర్వాత మనకి నోటికొచ్చే పేరు ఒకటే.

2019లో పారిస్ ఓర్సే మ్యూజియం వాళ్లు ఒక మంచి పని చేశారు. 1800లో వేసిన ఒక చిత్రానికి "నల్లజాతి స్త్రీ" అన్నట్టుండే పాత పేరు తీసేసి, అందులో కూర్చున్న మనిషి పేరు వెతికి, "మాడ్లెన్" అని రాసి ప్రదర్శనలో పెట్టారు. అది చదివి నేను ఊగిపోయాను, ఇకనుంచి నేను వేసే ప్రతి బొమ్మ కింద మనిషి పేరు రాయాల్సిందే అని. ఆ ఊపులోనే ఆత్రేయపురం వెళ్లాను.

అక్కడ వరసకి అత్త అయ్యే ఒకావిడ పూతరేకులు తీస్తుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) వచ్చాక అక్కడికి కెమెరాలు మరీ ఎక్కువయ్యాయి. బోర్లించిన కుండ, లోపల కొబ్బరాకుల మంట, బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ. గుడ్డని కుండ మీద పరిచి ఇలా లాగేస్తే ఉల్లిపొరలాంటి రేకు అంటుకుని, అంచులు వాటంతటవే లేస్తాయి. వచ్చినవాళ్లు ఆ చెయ్యి ఒక్కటే వీడియో తీసుకుని పోతారు. ఆ మధ్య ఎవరో మంట దగ్గర పట్టుచీర కట్టుకుని కూర్చోమన్నారట. అత్త మామూలుగా నైటీ మీద తువ్వాలు వేసుకుని, చెమట తుడుచుకుంటూ పనిచేస్తుంది.

"ఒక్క గంట అత్తా, నీ పని నువ్వు చేసుకో, నేను గీసుకుంటాను" అన్నాను.

"పని చేసుకోమంటావు, మళ్లీ కదలొద్దంటావు. కదలకపోతే రేకు మాడిపోద్ది కదే. గంటలో ఎన్ని రేకులు తీస్తానో లెక్కేసి ఆ డబ్బులు ఇక్కడ పెట్టు, అప్పుడు నువ్వెలా కూచోమంటే అలా కూచుంటా."

పెట్టాను. పేరు కింద రాస్తానని గొప్పగా చెప్తే వద్దనేసింది. "పేరు చూసుకుని ఇంకో పదిమంది వీడియోలోళ్లు దిగుతారు, ఆళ్లకి మంచినీళ్లెవరిస్తారు?"

నేను పారిస్ నుంచి మోసుకొచ్చిన పాఠానికి అత్త దగ్గర పెద్దగా గిరాకీ లేదు. ఆవిడకి కావాల్సింది గంటకి డబ్బు, ఎవరూ నెట్టని ఒక వాకిలి, వేసిన బొమ్మల్లో తనకి నచ్చింది ఎంచుకునే హక్కు. కళ గురించి నేను చదివిన వ్యాసాల్లో మోడల్ పేరు దగ్గర ఎంత చర్చ ఉంటుందో, జీతం దగ్గర అంత మౌనం ఉంటుంది. "స్ఫూర్తి" అనగానే డబ్బు సంగతి అడగడం మోటుగా అనిపిస్తుంది కదా, సరిగ్గా అందుకే ఆ మాట చిత్రకారులకి అంత బాగా కలిసొచ్చిందేమో.

చేతి వేళ్లు, ఆవిరి, కుండ వెలుగు, ఇలా నేను ముచ్చటపడి వేసుకున్నవన్నీ అత్త పక్కకి తోసేసింది. ఒకదాంట్లో ముక్కు వాళ్ల ఆడపడుచుదట! చివరికి ఎంచుకున్నది నేను ఊరికే గీకిన చిన్న బొమ్మ. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వంద రేకులకి రేటు పెంచమని కొట్టువాడితో పోట్లాడుతున్నప్పటిది. దాన్నే పైన పెట్టాను. మిగతావి నా పుస్తకంలోనే ఉన్నాయి, అత్త సరేనంటే అప్పుడు చూద్దాం.