చీర కన్నా ముందు జాకెట్

ఆదివారం. భోగికి ఇంకా మూడు రోజులు.

పొద్దున బీరువా తెరిచి చీరల జోలికి వెళ్లకపోవడమే ఇవాళ జరిగిన మంచి పని. ముందు జాకెట్లన్నీ మంచం మీద పోయాలి. ఒక్కొక్కటీ తొడిగి, చేతులు పైకెత్తి, ముందుకి వంగి చూడాలి. వంగి ముగ్గు పెట్టనివ్వని జాకెట్ పండక్కి ఎందుకు? ఏ ఇంట్లోనూ చీరలకి కరువుండదు, పట్టే జాకెట్లకే కరువు. పట్టినవి 14లో 6. ఈ పండక్కి ఏ చీరలు బయటికొస్తాయో ఆ ఆరే తేల్చాలి.

పట్టనివాటిని పక్కన పడేసే ముందు తిరగేసి లోపలి కుట్లు చూడాలి. చెయ్యి తిరిగిన టైలర్ పక్కల్లో పావంగుళం ఎడంతో రెండు మూడు కుట్లు వేసి, ఆపైన ఇంకాస్త బట్ట వదులుతాడు. ఒంటికి దగ్గరున్న కుట్టు ఒక్కటి విప్పితే చుట్టుకొలతలో అంగుళం వదులొస్తుంది. ముందు ముక్కకి పావు, వెనక ముక్కకి పావు, రెండో పక్కా అంతే. రెండు కుట్లు విప్పితే రెండంగుళాలు. ఇక్కడ చాలామంది నడుం దగ్గర మొదలుపెట్టి చంక దాకా విప్పి ఆగిపోతారు. చేతి కింద కుట్టు కూడా అంతే విప్పకపోతే బట్ట చంకలో ముడుచుకుపోయి, చెయ్యెత్తగానే పర్రున చిరుగుతుంది. నూలు మీద పాత సూది రంధ్రాలు ఒక్కసారి తడిపితే చాలావరకు మూసుకుపోతాయి. పట్టు మీద పోవు, లోపల దాగిన బట్ట రంగు కూడా కాస్త ముదురుగా తేలుతుంది. చంక కింద ఎవరు చూస్తారు గనక! కానీ పట్టు జాకెట్‌లో ముందు వైపు డాట్లు, అంటే ఒంటికి అమరేందుకు వేసే మడతకుట్లు, మాత్రం విప్పకూడదు, ఆ చుక్కల వరస ఎదురుగా కనిపిస్తుంది.

ఇక జతలు. జాకెట్ రంగు చీర ఒంటి నుంచి కాదు, అంచు నుంచి తీసుకోవాలి. వంకాయరంగు గద్వాల్‌కి ఆకుపచ్చ అంచుంటే, ఎప్పటిదో ఆకుపచ్చ రా సిల్క్ జాకెట్ దానికి అతికినట్టు సరిపోతుంది. గద్వాల్‌లో ఒళ్లు నూలు, అంచూ చెంగూ పట్టు కాబట్టి జాకెట్ నూలైనా పట్టైనా నప్పుతుంది. మంగళగిరి నూలుచీర ఒంటి మీద బుటాలుండవు, ఉన్నదంతా నిజాం అంచనే జరీ అంచే. పాత బంగారం రంగు బ్రొకేడ్ జాకెట్ వెయ్యాల్సింది దాని మీదే. అదే బ్రొకేడ్‌ని బుటాలు నిండిన కంచిపట్టు మీద వేస్తే రెండూ పోట్లాడుకుంటాయి. పోచంపల్లి ఇక్కత్ మీదికి సాదా జాకెట్ తప్ప ఇంకేదీ వద్దనే నా మాట. నల్లజాకెట్ అన్నిటికీ కలుస్తుంది గానీ పండగపూట మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒప్పుకోరు. మరాఠీల ఇళ్లలో సంక్రాంతికి నల్లచీరే ప్రత్యేకం, ఎవరి ఆచారం వాళ్లది.

రంగులు కిటికీ దగ్గర, పగటి వెలుగులోనే కలిపి చూడాలి. ట్యూబ్‌లైట్ కింద నేవీ బ్లూకీ నలుపుకీ తేడా తెలియదు. జరీ కూడా కిటికీ దగ్గరే తేలుతుంది. ఒకటి పసుపు బంగారం, ఇంకొకటి రాగిడాలు. చీర జరీ ఒకలా, జాకెట్ జరీ ఇంకోలా ఉంటే ఎంత ఖరీదైనవైనా అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది.

మడత విప్పగానే పట్టుచీరకి ఒక పరీక్ష ఉంది. మడత గీత దగ్గర రెండు బొటనవేళ్ల మధ్య బట్ట పట్టి మెల్లగా లాగాలి. చిట్ మని వినపడినా, పోగులు విడిపోయి వెలుగు కనిపించినా ఆ చీర ఇక కట్టడానికి కాదు, కుచ్చిళ్లు దోపేటప్పుడే చిరుగుతుంది. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంచితే జరిగేది ఇదే. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చి, ప్లాస్టిక్ కవర్లో కాక పాత పంచె ముక్కలో చుట్టిపెడితే చీర నిలుస్తుంది. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు. ఆ వాసన పోవాలంటే నీడలో, ఫ్యాన్ కింద, దండెం మీద ఒక పూటైనా ఆరాలి. అందుకే ఈ పని భోగి ముందురోజుకి పెట్టుకోకూడదు. సెంటు కొట్టి వాసన కప్పబోతే జరీ మీద మచ్చ పడుతుంది.

అంచు ముడుచుకుపోయిన చీర ఒకటి. తప్పు చీరది కాదు, కింది అంచుకి లోపల కుట్టే పట్టీది, అదే ఫాల్‌ది. నూలు ఫాల్‌ని ముందుగా తడిపి ఆరబెట్టకుండా కుట్టేస్తే, మొదటి ఉతుకులో అది కుంచించుకుపోయి అంచుని లోపలికి లాగేస్తుంది. ఇస్త్రీతో పోయే ముడత కాదది. ఫాల్ మొత్తం విప్పి, దాన్ని ఇస్త్రీ చేసి, అంచుని గుంజకుండా మళ్లీ చేత్తో కుట్టాలి. గంటన్నర పని.

చిట్‌మన్న చీరతో పిల్లకి పరికిణీ. ఎనిమిదేళ్ల పిల్లకి నడుం నుంచి మడమ దాకా 30 అంగుళాలు అనుకుంటే, టక్‌కి, అంటే పిల్ల ఎదిగాక విప్పుకునే మడతకి 4, పైన పట్టీకి 1, మొత్తం 35. చీర పన్నా, అంటే వెడల్పు, 46 ఉంటే పైఅంచు వైపు 11 అంగుళాల పేలిక మిగులుతుంది. దాని అంచు జాకెట్ చేతులకి. చుట్టుకొలత నడుముకి నాలుగింతలు తీసుకోవాలి. 22 అంగుళాల నడుముకి 88, అంటే రెండుంపావు మీటర్లు. అంతకన్నా తగ్గితే కుచ్చిళ్లు పలచబడి గౌనులా ఉంటుంది. మడత గీతల దగ్గర చీకిన భాగం వదిలేసి, బాగున్న ముక్కలు కలుపుకుని, ఆ అతుకులు కుచ్చిళ్ల లోపలికి పోయేట్టు చూసుకోవాలి. లోపల తడిపి ఆరబెట్టిన నూలు లైనింగ్ తప్పనిసరి, బరువు మోసేది అదే. టక్ జరీ మీద వద్దు, సాదా ఒంటి మీద వెయ్యాలి. ఎదిగాక విప్పితే జరీ మీద గీత జన్మలో పోదు.

అయితే భోగిపళ్లు పోసే సాయంత్రం ఆ పరికిణీ వద్దు. రేగుపండు చితికిందంటే పట్టు మీద మరక ఖాయం, నూలు గౌనైతే ఉతికేసుకోవచ్చు. తెల్లవారుజామున మంట దగ్గరా నూలే. నైలాను, పాలిస్టర్ నిప్పురవ్వకి కరిగి ఒంటికి అంటుకుంటాయి, చెంగు బొడ్లో దోపుకోవాలి. సంక్రాంతి పట్టు పూజకి, అదీ పొయ్యి కట్టేశాకే. కనుమకి మంగళగిరి, బ్రొకేడ్.

మగవాళ్ల సంగతి తొందరగా తేలిపోయింది. మల్లెపువ్వులాంటి పంచె, మీగడరంగు లాల్చీ పక్కపక్కన పెడితే లాల్చీ మాసినట్టుంటుంది. తెలుపుకి తెలుపు, లేదంటే రెండూ మీగడే. గంజి పలచగా పెట్టాలి, చిక్కగా పెడితే మడత దగ్గర చారలు తెల్లగా తేలి అట్టలా నిలబడుతుంది.

రేపటికి మిగిలినవి: మెరూన్ జాకెట్‌కి రెండు హుక్కులు, వంకాయరంగు లోపలి లంగా. మ్యాచింగ్ సెంటర్‌కి ఫోన్లో ఫోటో కాదు, చీరే పట్టుకెళ్లాలి. కౌంటర్ దగ్గర కాక గుమ్మంలోకొచ్చి రంగు చూడాలి. పట్టుచీరలు ఇంకా దండెం మీదే ఉన్నాయి, ఉండల వాసన సగం పోయింది.