ప్రకాశ మాత గుడిలో పగటి వెలుగు

చెన్నై మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీదున్న పొట్టి శ్రీరాములు స్మారక భవనానికి సభల కోసం వెళ్ళే తెలుగువాళ్ళలో లజ్ కూడలి తెలియనివారు ఉండరు గానీ, ఆ కూడలికి పేరిచ్చిన చర్చి లోపల అడుగుపెట్టినవారు తక్కువే. లజ్ అంటే పోర్చుగీసు భాషలో వెలుగు. సముద్రంలో దారితప్పిన నావికులకు ఒక వెలుగు కనిపించి తీరం చేర్చిందనీ, అది ఆరిపోయిన చోటనే ఈ గుడి కట్టారనీ ఐతిహ్యం. గుడి వయసు 1516 నాటిదని చెబుతారు. తమిళులు ప్రకాశ మాత ఆలయం అంటారు. ఒకప్పుడు చుట్టూ అడవి ఉండేది కనుక కాట్టుకోయిల్ అని కూడా పిలుస్తారు.

ఇంతటి పేరున్న గుడిని నేను మొదటిసారి ట్యూబులైట్ల కింద ఫొటో తీసి పాడుచేశాను. కిటికీలోంచి వచ్చే పగటి వెలుగు ఒక రంగు, దీపాలది మరో రంగు. రెండూ ఒకే గోడ మీద పడినప్పుడు కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఎటు జరిపినా ఒక పక్క పచ్చగానో, ఇంకో పక్క నీలంగానో తేలుతుంది. రెండోసారి విచారణ గురువులను, అంటే ఆ చర్చి ఫాదర్‌ను, అడిగితే, ఉదయం పూజ ముగిశాక అరగంట సేపు దీపాలు తీయించారు.

అప్పుడు తెలిసింది అసలు చిక్కు. లెన్సు రంధ్రం ఎఫ్8, సెన్సరు సున్నితత్వం ఐఎస్ఓ 100 దగ్గర పెడితే, కెమెరాలో వెలుగు కొలిచే మీటరు నేల మీది ఎండ మచ్చకు సెకనులో 60వ వంతు చాలంటే, వెనక బల్లల కింది చీకటికి 4 సెకన్లు కావాలంది. అంటే దాదాపు 8 స్టాపుల తేడా; ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపవుతుంది. వెలుగు తక్కువగా, ఎక్కువగా పట్టేలా మూడు నాలుగు ఎక్స్‌పోజర్లు తీసి కలిపేస్తే అన్నీ కనిపిస్తాయి, నిజమే. కానీ మూల మూలా ఒకే తీరుగా వెలిగిపోయిన ఆ బొమ్మ పెళ్ళి మండపంలా ఉంటుంది తప్ప గుడిలా ఉండదు. అందుకే ఎండ మచ్చ తెల్లబోకుండా కొలత పెట్టుకుని, చీకటిని చీకటిగానే వదిలేశాను.

పూజలో వేసిన సాంబ్రాణి పొగ ఇంకా గాలిలో ఉండగానే తీయడం మేలు. కిరణం తనంతట తాను కంటికి కనిపించదు, పొగ రేణువులు దాన్ని చెదరగొడితేనే కనిపిస్తుంది. అది కూడా వెలుగుకు వీపు పెట్టి కాక, ఎదురుగా నిలబడి చూసినప్పుడే బాగా తేలుతుంది.

ఏ నెలలో వెళ్ళాలన్నది కూడా చూసుకోవాలి. చెన్నైలో డిసెంబరు చివర మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన సుమారు 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీ ఉన్న ఏ గుడిలోనైనా ఎండ లోపలికి బారుగా వస్తుంది. జూన్‌లో ఆయన నడినెత్తి దాటి ఉత్తరానికి ఒరగడం వల్ల అదే కిటికీలోంచి మధ్యాహ్నం ఒక్క కిరణమూ నేరుగా లోపలికి రాదు.

ఆ రోజు తీసిన నలభై ఫొటోల్లో ఒక్కటే ఉంచుకున్నాను. ఎండ మచ్చ, ఒక బల్ల అంచు, కొంచెం పొగ; తక్కినదంతా నలుపు. అమ్మ దాన్ని చాలాసేపు చూసి, "లైటు వేయమని అడగలేకపోయావా నాయనా?" అంది.