సైన్సు మాస్టారూ, మా కారు బోల్టూ

నౌపడా - గుణుపురం చిన్న రైలు గురించీ, మహేంద్రతనయ ఏట్లో ఈతల గురించీ మన పర్లాకిమిడి బడి పాత విద్యార్థుల ఈ సంచికలో ఎలాగూ నలుగురైదుగురు రాస్తారు. అందుకని నేను ఒక బోల్టు గురించి రాస్తున్నాను. మన సైన్సు మాస్టారిని తలుచుకోకుండా ఆ బోల్టు సంగతి చెప్పలేను కాబట్టి సంపాదకులు దీన్ని పక్కన పడేయరనే ధైర్యం.

నా కారు పాతది. ఉండేది విశాఖలో, సముద్రానికి దగ్గర్లో. ఉప్పుగాలి చేసే పని పైన పెయింటు మీద కనపడదు, బండి కిందకి దూరితే కనపడుతుంది. దసరా సెలవులకి పర్లాకిమిడి వచ్చేసరికి గుంత వచ్చినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టక్కుటక్కుమని చప్పుడు. చక్రాన్ని బండి అడుగుకి కలిపే లోయర్ ఆర్మ్ ఉంటుంది, దాని కొసన కుదుపు తగ్గించే రబ్బరు బుష్ చిరిగిపోయింది. బరంపురం నుంచి కొత్త ఆర్మ్ తెప్పించి, మా పెరట్లోనే విప్పడానికి కూర్చున్నాం. కూర్చున్నాం అంటే నేనూ, మన ఆఖరి బెంచీ మిత్రుడూ. వాడికి ఇప్పుడు ఊళ్లోనే లేత్ షాపు ఉంది. పేరు రాస్తే ఊరుకోనన్నాడు.

జాకీని నమ్మి బండి కిందకి వెళ్లకూడదని స్టాండ్లు పెట్టాం, విప్పిన చక్రాన్ని కూడా బండి కిందకి తోశాం. మొదట మొరాయించింది ఆర్మ్‌ని బండికి బిగించే బోల్టు నట్టు. పానాకి మూడింతల పొడుగు పైపు తొడిగితే బలం మూడింతలవుతుంది, అది ఎనిమిదో తరగతి పాఠమే. అయినా కదల్లేదు. ఇంకా లాగితే నట్టు మూలలు అరిగిపోతాయని వాడు పైపు తీసేశాడు.

ఇక్కడే మాస్టారు గుర్తొచ్చారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో సైన్సు కూడా వాడుక మాటల్లోనే చెప్పాలని ఆయన పంతం. ఇత్తడి బంతిని వేడి చేసి, అది రింగులో పట్టకపోవడం చూపించడంతో ఆపేవారు కాదు. "ఇప్పుడు రింగుని వేడి చేస్తే కంత పెద్దదవుతుందా, చిన్నదవుతుందా?" అని అడిగేవారు. లోహం ఉబ్బి లోపలికి వస్తుంది కదా, చిన్నదే అవుతుందని సగం క్లాసు అరిచేది. ఆయన ఏమీ అనకుండా రింగుని మంట మీద పెట్టి, బంతిని దాంట్లోంచి జారవిడిచేవారు.

బ్రేకు గొట్టాన్ని పక్కకి కట్టి, తడిగుడ్డ చుట్టి, బకెట్లో ఇసుక దగ్గర పెట్టుకుని గ్యాస్ టార్చితో నట్టుని మాత్రమే కాల్చాం. 14 మిల్లీమీటర్ల కంత ఉన్న నట్టుని 300 డిగ్రీలు వేడెక్కిస్తే కంత పెరిగేది 0.05 మిల్లీమీటరే. కానీ మధ్యలో ఉన్న తుప్పు పట్టు వదలడానికి అదే చాలింది. ఠప్పుమని ఊడింది.

ఇక చేత్తో లాగితే బోల్టు వచ్చేస్తుందనుకున్నాను. తలకి పానా వేస్తే తిరిగింది కూడా.

"ఏటిరా, తిరుగుతోందని మురిసిపోతున్నావా? ఓసారి వదిలి చూడు."

వదిలితే వెనక్కి తిరిగేసింది. బుష్ మధ్యలో ఒక ఇనుప గొట్టం ఉంటుంది, దాన్ని పట్టుకుని చుట్టూ రబ్బరు ఉంటుంది. బోల్టు ఆ గొట్టంలో తుప్పుతో ఒకటైపోయింది. తుప్పుకి ఇనుము కంటే రెట్టింపు పైగా చోటు కావాలి, ఆ సందులో చోటెక్కడిది? అందుకని తనే బిరడాలా బిగిసిపోతుంది. మనం తిప్పేది గొట్టాన్ని, మెలిపడేది మిగిలిన రబ్బరు. తుప్పు వదిలించే నూనె రాత్రంతా పోసినా రెండు చివర్లే తడిశాయి. సమ్మెట దెబ్బలకి బోల్టు కొస ఉబ్బిపోతే బయటికి రావడం మరీ కష్టం. ఇంటర్నెట్‌లో సలహాలన్నీ ఇంకా గట్టిగా కొట్టమనే చెబుతాయి, నాకు ఆ పద్ధతి నచ్చదు.

మా వాడు హ్యాక్సా తీశాడు. బుష్‌కీ, దాన్ని బండికి పట్టి ఉంచే బ్రాకెట్‌కీ మధ్య సందులో, రెండు పక్కలా కోత. బోల్టు తల మీద 10.9 అని ఉంది, అంటే గట్టి రకం. బ్లేడు నెమ్మదిగా, చమురు వేస్తూ, ఒత్తకుండా ఆడించాలి. వంతులు వేసుకుని కోశాం. మా అమ్మ రెండుసార్లు టీ ఇచ్చి, మెకానిక్‌ని పిలవచ్చు కదా అంది. లేత్ షాపు వాడి ముందే ఆ మాట!

కొత్త బోల్టు కూడా 10.9 దే వేయాలని వాడు పట్టుబట్టాడు. హార్డ్‌వేర్ కొట్లో అదే సైజులో దొరికే మామూలుది చక్రం దగ్గర పనికిరాదు. గొట్టంలో ఉండే భాగానికి గ్రీజు రాశాం, మరలకి రాయలేదు. మరలకి జిడ్డు తగిలితే, బిగింపు ఎంతో కొలిచే టార్క్ పానా చూపించే లెక్కకి అర్థం ఉండదు. ఆఖరి బిగింపు మాత్రం చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడ్డాకే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే కొత్త రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి, తొందరగా చిరుగుతుంది. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాను.

మన బ్యాచ్ తరఫున ల్యాబుకి ఏమివ్వాలని వాట్సాప్ గ్రూపులో చర్చ నడుస్తోంది. ఎక్కువ మంది ప్రొజెక్టర్ అంటున్నారు. నా ఓటు బంతీ రింగూ సెట్టుకి, వస్తువుల్ని కదలకుండా పట్టుకునే ఒక మంచి బెంచ్ వైసుకి. వైసు తానిస్తానని మా వాడు ఒప్పుకున్నాడు. దాన్ని బిగించడానికి కదలని బల్ల మాత్రం బడివాళ్లే చూడాలట.