గుబ్బియో: ఎవరు ముందో తెలిసిన పరుగు

ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతానికి వచ్చే యాత్రికుల్లో ఎక్కువమంది అస్సీసీ చూసి వెనుదిరుగుతారు. గుబ్బియోకు రైలు లేదు. రోమ్–అంకోనా మార్గంలో ఫొస్సాతో ది వీకో దగ్గర దిగి బస్సు ఎక్కాలి. దానికి తోడు మే 15, అంటే సాధువుల ప్రతిమలున్న కొయ్య స్తంభాలు మోస్తూ పరుగెత్తే ఉత్సవం కనుక గది అద్దె మామూలు రోజులకు రెట్టింపు అడిగారు. మొక్కుబడి ఉన్న పండుగకు వచ్చినవారి దగ్గర ఇంత గుంజడం న్యాయం కాదని నాకు ఆ రాత్రంతా బాధగానే ఉంది.

ఆ బాధ మర్నాడు మధ్యాహ్నం పియాజ్జా గ్రాందేలో మాయమైంది. కొండవాలున పెద్ద పెద్ద కమానుల మీద నిలబెట్టిన ఆ చౌకులో, 14వ శతాబ్దపు పలాజ్జో దెయి కొన్సొలి భవనం ఎదుట, కాలు కదపడానికి చోటు లేకుండా జనం నిలబడ్డారు. పసుపు చొక్కాలవారు ఊరిని కాచే సాధువుగా కొలిచే సంత్ ఉబాల్దో పక్షం, నీలం చొక్కాలవారు సాన్ జోర్జో పక్షం, నల్ల చొక్కాలవారు సంత్ అంతోనియో పక్షం. తెల్ల ప్యాంటు, మెడలో ఎర్ర రుమాలు మాత్రం అందరికీ ఒకటే. తాపీ పనివారు, వర్తకులు, రైతులు అనే పాత వృత్తి విభజన నుంచి వచ్చిన ఈ పక్షాలు ఇప్పుడు ఎక్కువగా కుటుంబాల వెంట నడుస్తున్నాయి. ప్రతి పక్షం మోసే, సుమారు 280 కిలోల బరువుండే కొయ్య స్తంభాన్ని ‘చేరో’ అంటారు, దాని కొసన ఆ పక్షపు సాధువు ప్రతిమ ఉంటుంది. పడుకోబెట్టిన చేరో మీదికెక్కిన నాయకుడు కుండలోని నీళ్ళు దానిపై పోసి, కుండను జనంలోకి విసిరిన క్షణంలోనే స్తంభం నిలువునా లేచింది. పగిలిన పెంకులు ఏడాది పొడవునా శుభం చేకూరుస్తాయని నమ్మి, పెద్దవాళ్ళు సైతం వాటికోసం నేలమీద పెనుగులాడారు. పైన బురుజులో గంట మోగించేవారు ఆ మహా గంటను కాళ్ళతో తన్ని ఊపుతుంటే నా పక్కనున్న గోడ కూడా అదురుతున్నట్టనిపించింది.

సాయంత్రం మొదలైన పరుగు ఇంజీనో కొండ మీది సంత్ ఉబాల్దో బసిలికా అనే పెద్ద చర్చి దాకా, నాలుగు కిలోమీటర్లకు పైగా సాగుతుంది. మన ఆలయాల్లో స్వామిని భుజాన మోసే బోయీలు అడుగులో అడుగు వేసి మెల్లగా ఊపుతూ నడుస్తారు. ఇక్కడివారు ఇంత బరువును ఇరుకు వీధుల్లో ఉరుకులు పెడుతూ, ఆగకుండానే ఒకరి భుజం కిందికి మరొకరు దూరుతూ మోస్తారు. ఇంత కష్టపడినా వరుస మారదు. ఉబాల్దో ముందు, జోర్జో నడుమ, అంతోనియో చివర. ఒకరినొకరు దాటడమే లేదు. గెలుపు ముందే నిర్ణయమైన పోటీలో ప్రాణం పెట్టి పరుగెత్తడం ఎందుకన్న ప్రశ్న నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

మర్నాడు, ఇద్దరు నిలబడితే నిండిపోయే పక్షి పంజరం లాంటి తీగబండిలో కొండెక్కాను. కొద్ది నిమిషాల ప్రయాణానికి టికెట్టు ఎక్కువేనని తోచినా, కింద ఎర్రపెంకుల ఊరంతా కనిపించాక ఆ మాట మరిచాను. బసిలికాలో, 1160లో మరణించిన ఉబాల్దో దేహాన్ని గాజు పేటికలో చూశాను. రాత్రి వచ్చిన మూడు చేరోలు అక్కడే నిలిచి ఉన్నాయి. ఏడాదంతా వాటి చోటు అదే.

నా ప్రశ్నకు సమాధానం దిగివచ్చాక కాఫీ కొట్టులో దొరికింది. వయసులో నల్ల చొక్కా వేసుకుని మోసిన ఒక పెద్దాయన, తన మనవరాలు ఇంగ్లీషులో చెబుతుండగా, ఎంతో ఓపికగా వివరించారు: వెనుకవాళ్ళు చేరేలోపే బసిలికా తలుపు మూసేయాలని ముందువాళ్ళ పంతం, ఎడం పెరగనీయకూడదని వెనుకవాళ్ళ పంతం. వంగకుండా, పడకుండా, ఎడం రానీయకుండా మోసినదాన్నిబట్టే పరువు. ఏ మలుపులో ఏ స్తంభం ఎంత వాలిందో పక్క బల్లలవాళ్ళు అప్పటికే గట్టిగా వాదించుకుంటున్నారు.

“మాది ఎప్పుడూ మూడోదే. అయినా నిన్న మావాళ్ళు రెండోవాళ్ళ వీపుకు ఆనుకునే పరుగెత్తారు, చూశారా?” అని ఆయన నన్ను అడిగారు. చూశానన్నాను. జూన్ 2న పిల్లల చిన్న చేరోలు పరుగెత్తుతాయని, తన చిన్న మనవడు మొదటిసారి భుజం పెడుతున్నాడని, వీలైతే అప్పటిదాకా ఉండమని కోరారు.