ట్యాబ్ చుట్టూ నలుగురు చేరితే

ట్యాబ్ చూపిస్తే "ఇది పెద్ద ఫోనేగా?" అని అడగని మనిషి ఉండడు. జవాబుగా ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత అని మొదలుపెడితే రెండో మాటకే చూపు పక్కకి పోతుంది. అంతకన్నా ఒకే ఏ4 పీడీఎఫ్‌ని ఫోన్‌లోనూ ట్యాబ్‌లోనూ తెరిచి పక్కపక్కన పెట్టండి. ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు. ఫోన్ స్క్రీన్ వెడల్పు దాదాపు 7. అంటే పేజీ మూడో వంతుకి కుదించుకుపోయి, 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లవుతుంది. 11 అంగుళాల ట్యాబ్‌ని నిలువుగా పెడితే అదే అక్షరం ఎనిమిది, తొమ్మిది పాయింట్లుంటుంది. ఇక మీరు వాదించక్కర్లేదు.

ఎనిమిదా తొమ్మిదా అన్నది స్క్రీన్ ఆకారాన్ని బట్టి. ఐప్యాడ్‌లు 4:3కి (పొడవు నాలుగు పాళ్లు, వెడల్పు మూడు పాళ్లు) దగ్గరగా ఉంటాయి కాబట్టి ఏ4 పేజీ వాటిలో చక్కగా ఇముడుతుంది. 16:10 ఉండే ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు కాస్త సన్నం, పేజీ ఇంకొంచెం చిన్నదవుతుంది. కానీ వీడియో పెడితే లెక్క తిరగబడుతుంది, 4:3 స్క్రీన్ మీద పైనా కిందా నల్లపట్టీలు మందంగా వస్తాయి. మీ ట్యాబ్ ఏ ఆకారమో చూసుకుని దేనితో మొదలుపెట్టాలో నిర్ణయించుకోండి.

2010 జనవరిలో మొదటి ఐప్యాడ్‌ని పరిచయం చేసినప్పుడు స్టీవ్ జాబ్స్ వేదిక మీద తీరిగ్గా కుర్చీలో కూర్చుని వెబ్ పేజీలు తిప్పి చూపించారు. ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. అర కిలో బరువున్న వస్తువుని నిలబడి ఒంటిచేత్తో పట్టుకుంటే రెండు నిమిషాల్లో మణికట్టు లాగుతుంది, స్క్రీన్ వణుకుతుంది. టేబుల్ మీద కాస్త ఏటవాలుగా ఆనించి, చూసేవాళ్లని ఎదురుగా కాకుండా పక్కన కూర్చోబెట్టుకోండి. పైన లైటుంటే అద్దంలా మెరుస్తుంది కాబట్టి వాళ్లు కూర్చునే చోటునుంచి మీరొకసారి చూడండి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లకి కొన్ని ట్యాబ్‌లు ఒక దిశలో తిప్పితే పూర్తిగా నల్లగా కనిపిస్తాయి. ట్యాబ్ పాడవలేదు, అడ్డం నిలువు మార్చి చూపిస్తే చాలు.

ఎన్ని ఫీచర్లు చూపించాం అన్నదానికంటే ఎంత తొందరగా వాళ్ల చేతికిచ్చాం అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. అయితే సొంత ట్యాబ్‌ని పరాయి చేతికిచ్చే ముందు అయిదు నిమిషాల పనుంది, అది తప్పించుకోకూడదు.

ఆండ్రాయిడ్ అయితే సులువైన దారి గెస్ట్ యూజర్. ట్యాబ్‌లలో ఒకరికంటే ఎక్కువమంది యూజర్లని పెట్టుకునే వీలు 2012లో 4.2 వెర్షన్‌తోనే వచ్చింది. మీ మెయిల్, ఫోటోలు, మెసేజ్‌లు ఏవీ గెస్ట్‌లో ఉండవు. ఇబ్బంది ఒకటే, మీరు వేసుకున్న యాప్‌లు కూడా మామూలుగా అందులో కనిపించవు. చూపించాల్సిన యాప్ కచ్చితంగా కావాలంటే యాప్ పిన్నింగ్ వాడండి. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసి, రీసెంట్స్‌లో (ఇటీవల తెరిచిన యాప్‌ల వరుసలో) ఆ యాప్ ఐకాన్ మీద నొక్కి పిన్ చేస్తే ఇక అందులోంచి బయటికి పోవడం కుదరదు. "అన్‌పిన్ చేసే ముందు పిన్ నంబర్ అడగాలి" అన్న ఆప్షన్ కూడా ఆన్ చేయండి. లేకపోతే కిందనుంచి పైకి జరిపి పట్టుకుంటే చాలు, పిల్లలు పది సెకన్లలో కనిపెట్టేస్తారు.

ఐప్యాడ్‌లో మామూలు వాడకానికి ఇలా గెస్ట్ అంటూ లేదు. సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో ఉన్న, తెరని ఒకే యాప్‌కి కట్టేసే గైడెడ్ యాక్సెస్‌ని ఆశ్రయించాలి. ఒకసారి ఆన్ చేసి పాస్‌కోడ్ పెట్టుకున్నాక, కావాల్సిన యాప్ తెరిచి పై బటన్‌ని, హోమ్ బటన్ ఉన్నవాటిలో దాన్ని, మూడుసార్లు గబగబా నొక్కాలి. అప్పుడు వచ్చే తెర మీద వేలితో చుట్టూ గీత గీసిన చోటల్లా టచ్ పనిచేయదు. యాప్‌లో "డిలీట్" బటన్ ఎక్కడుందో అక్కడ ఒక సున్నా చుట్టేస్తే నిశ్చింత. చాలామంది ఇక్కడొకటి మర్చిపోతారు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆటో-లాక్ "ఎప్పుడూ వద్దు" అని పెట్టినా, గైడెడ్ యాక్సెస్‌కి విడిగా ఇంకో ఆటో-లాక్ ఉంటుంది. దాన్ని మార్చకపోతే మీరు మాట్లాడుతుండగానే తెర ఆరిపోతుంది. పెట్టిన పాస్‌కోడ్ మర్చిపోతే బలవంతంగా రీస్టార్ట్ చేయాలి. హోమ్ బటన్ లేనివాటిలో పై బటన్‌కి దగ్గరున్న వాల్యూమ్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, రెండోది నొక్కి వదిలి, యాపిల్ గుర్తు వచ్చేదాకా పై బటన్ పట్టుకోవాలి.

ఏదైనా సరే డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేయండి. ఐఫోన్ కూడా ఉన్నవాళ్లయితే, ఫేస్‌టైమ్ సెట్టింగ్స్‌లో ఐఫోన్ కాల్స్ ఐప్యాడ్‌కి రావడాన్ని ఆపండి, లేకపోతే ఎవరు ఫోన్ చేస్తున్నారో అందరికీ తెలిసిపోతుంది.

అసలు గుట్టు బయటపడేది నోటిఫికేషన్ల దగ్గర కాదు, బ్రౌజర్‌లో. అడ్రస్ బార్‌లో ఒక్క అక్షరం కొడితే మీరు తిరిగిన సైట్లన్నీ వరుసగా దిగుతాయి. ఇన్‌కాగ్నిటో పేజీ (హిస్టరీ నమోదు చేయనిది) తెరిస్తే సరిపోతుందనుకోవద్దు, క్రోమ్‌లో పాత హిస్టరీ నుంచి సూచనలు అక్కడా వస్తాయి. మీరెప్పుడూ వాడని బ్రౌజర్ ఇంకొకటి వేసి అదే తెరవడం మేలు. గ్యాలరీదీ ఇదే గొడవ. మీరు ఒక ఫోటో చూపిస్తే చూసేవాళ్ల వేలు దానంతటదే పక్కకి జరుపుతుంది. చూపించదలచిన పది పదిహేను ఫోటోలని విడి ఆల్బమ్‌లో పెట్టి, ఆ ఆల్బమ్‌లోంచే తెరవండి. అప్పుడు ఎటు జరిపినా వాటిలోనే తిరుగుతాయి.

ఇక చేతికిచ్చారు. "ఏం నొక్కినా పనిచేయట్లేదు" అంటారు. పదింట తొమ్మిదిసార్లు కారణం రెండో చెయ్యి. పట్టుకున్న చేతి బొటనవేలు స్క్రీన్ అంచు మీద ఆని ఉంటుంది. ట్యాబ్ దాన్నీ ఒక టచ్‌గానే లెక్కేసి, రెండు వేళ్లు పెట్టారనుకుని జూమ్ చేయడమో ఊరుకోవడమో చేస్తుంది. అందుకే టేబుల్ మీద పెట్టి ఇవ్వమనేది. పెద్దవాళ్లతో వచ్చే సమస్య వేరు. వాళ్లు గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతారు, అది లాంగ్ ప్రెస్ అయ్యి ఐకాన్‌లు ఊగడం మొదలవుతుంది, భయపడి చెయ్యి తీసేస్తారు. ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీలో "టచ్ అండ్ హోల్డ్ డిలే"ని లాంగ్‌కి మార్చండి. ఐప్యాడ్‌లో టచ్ అకామడేషన్స్ ఉన్నది ఇలాంటి చేతుల కోసమే. అది పూర్తిగా అలవాటు లేని తీరులో పనిచేస్తుంది కాబట్టి ముందు మీరు వాడి చూడండి. తడి వేళ్లు, గోళ్ల చివర్లతో నొక్కడం ఎలాగూ కుదరవు, వేలి మెత్తటి భాగమే తగలాలి.

పెన్ ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి అదే ఇవ్వండి. ఎవరి చేతికిచ్చినా తన పేరే రాసుకుంటారు. రాసేటప్పుడు చెయ్యి గాల్లో నిలిపి, అక్షరాలు వంకరపోయి, "అబ్బే, బాలేదు" అంటారు. "కాగితం మీద ఆనించినట్టే అరచెయ్యి ఆనించండి" అని చెప్పిన క్షణంలో రాత మారిపోతుంది. దీనికి ముందు మీరు చేయాల్సింది, వేలితో గీయడాన్ని ఆపేయడం. ఐప్యాడ్‌లో యాపిల్ పెన్సిల్ సెట్టింగ్స్‌లో పెన్సిల్‌తో మాత్రమే గీయాలన్నది ఆన్ చేయాలి. ఇతర నోట్స్ యాప్‌లలోనూ వేలి రాతని ఆపే గుర్తు ఉంటుంది. అది మరిస్తే అరచెయ్యి ఆనిన చోటల్లా గీతలు పడతాయి.

రెండో మెట్టు, ఒకే గీతని మెల్లగా మొదలుపెట్టి క్రమంగా ఒత్తుతూ పోవడం. సన్నగా మొదలై లావెక్కుతుంది. తర్వాత పెన్సిల్ టూల్ ఎంచుకుని పెన్‌ని పడుకోబెట్టి రుద్దితే నీడలా పరుచుకుంటుంది. అయితే అన్ని పెన్‌లూ ఇది చేయవు. యాపిల్ పెన్సిల్‌లో యూఎస్‌బీ-సీ రకం వంపుని గుర్తిస్తుంది కానీ ఒత్తిడిని గుర్తించదు. రబ్బరు ముక్కున్న చవక స్టైలస్‌ని ట్యాబ్ ఇంకో వేలుగానే చూస్తుంది, దాంతో ఇవేవీ రావు. సామ్‌సంగ్ ఎస్ పెన్‌కి రాయడానికి బ్యాటరీ అక్కర్లేదు, స్క్రీన్ కింద ఉన్న పొరే దానికి శక్తినిస్తుంది. "ఛార్జింగ్ ఎక్కడ?" అని అడిగేవాళ్లకి ఈ మాట బాగా నచ్చుతుంది. అదే కారణంగా అయస్కాంతాలున్న కవర్ వెనక్కి మడిచి పెడితే కొన్నిచోట్ల పెన్ గీయదు. అప్పుడు కవర్ తీసేసి చూడండి.

కెమెరాతో గది కొలతలు, నేల మీద బొమ్మలు నిలబెట్టడం లాంటివి అందరినీ ఆకట్టుకుంటాయి, అలాగే అందరి ముందూ పరువు తీస్తాయి. ట్యాబ్ నేల మీద మచ్చలు, గీతలు, అంచులు గుర్తుపెట్టుకుని తానెక్కడుందో లెక్క కడుతుంది. తెల్లగోడ, నున్నటి మెరిసే గచ్చు, చీకటి మూల అయితే పట్టు దొరకదు, బొమ్మ గాల్లో తేలుతుంది. కింద గళ్ల దుప్పటి పరిచి, లైటు వేసి మొదలుపెట్టండి. లైడార్ (లేజర్ వెలుగుతో దూరాలు కొలిచే సెన్సర్) ఉన్న ఐప్యాడ్ ప్రోలకి, అంటే 2020 నుంచి వచ్చినవాటికి, ఈ బాధ చాలా తక్కువ.

రెండు యాప్‌లు పక్కపక్కన తెరవడం చూపించాలన్న సరదా ఓనర్‌కే ఎక్కువ. గ్యాలరీలోంచి ఫోటోని వేలితో పట్టి మెయిల్‌లోకి లాగి వదిలితే ఒక "ఓహో" వస్తుంది, అక్కడితో ఆపేయండి.

ముగ్గురి కంటే ఎక్కువైతే టీవీకి కలపాలి. వైర్‌లెస్‌గా పంపితే గీత ఆలస్యంగా కనిపించి, పెన్ మందకొడిదనుకుంటారు, కేబులే మంచిది. కానీ యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ బయటికి రాదు. డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (ఆ రంధ్రంలోంచే బొమ్మని బయటికి పంపే వీలు) ఉండాలి, చాలా చవక ట్యాబ్‌లలో అది ఉండదు. సినిమా యాప్‌లు టీవీలో నల్లతెర చూపిస్తే కాపీ రక్షణ అడ్డుపడుతోందని అర్థం. ఆండ్రాయిడ్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి "షో ట్యాప్స్" ఆన్ చేస్తే, మీ వేలు తగిలిన చోట చిన్న గుండ్రం కనిపిస్తుంది. దూరంగా కూర్చున్నవాళ్లకి ఇది లేకపోతే ఏం జరుగుతోందో అర్థం కాదు.

జనం ఎక్కువున్న చోట వైఫైని అసలు నమ్మొద్దు. 2010 జూన్‌లో ఐఫోన్ 4 చూపిస్తుండగా వేదిక మీదే పేజీలు తెరుచుకోలేదు. హాల్లో 570 వైఫై బేస్ స్టేషన్లు నడుస్తున్నాయని చెప్పి జాబ్స్ అందర్నీ వాటిని ఆపేయమన్నారు. చూపించే వీడియో, మ్యాప్, పీడీఎఫ్ అన్నీ డౌన్‌లోడ్ చేసుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి మొదటినుంచి చివరిదాకా చేసి చూడండి. వాయిస్ టైపింగ్ లాంటిది ఆగిపోతే అక్కడే తెలుస్తుంది.

అందరూ వెళ్లాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. ఐప్యాడ్‌కి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్ వాడొచ్చని యాపిలే చెబుతోంది, బ్లీచ్ మాత్రం వద్దు. ఎవరో తీసుకున్న సెల్ఫీలు, తెరిచి వదిలేసిన పేజీలు, పెట్టిపోయిన అలారం వెతికి తీసేయండి. డు నాట్ డిస్టర్బ్ ఆపి, స్క్రీన్ ఆరిపోయే టైమ్‌ని మళ్లీ రెండు నిమిషాలకి తెచ్చుకోండి.