పుట్టకు మరమ్మతు

తొలకరి పడ్డాక కొండపల్లి అడవికి వెళ్లడం నాకు ఏటా అలవాటు. విజయవాడ నుంచి గంట ప్రయాణం కూడా కాదు. మొన్న బాట పక్కన నా నడుమెత్తు పుట్ట ఒకటి కనిపించింది. రాత్రి వానకు దాని అంచు విరిగి, చిటికెన వేలు పట్టేంత రంధ్రం పడింది.

అక్కడే గొంతుక్కూర్చున్నాను. తెల్లటి చెదపురుగులు ఒక్కొక్కటీ నోట మట్టి రేణువు తెచ్చి, లాలాజలంతో తడిపి, అంచుకు అద్ది లోపలికి వెళ్తున్నాయి. గోధుమరంగు తలల సైనికులు చుట్టూ కాపలా. కూలి చెదలకు చూపు లేదు, ఒళ్లు మెత్తన. ఎండ, పొడిగాలి తగిలితే బతకవు. అందుకే ఆ తొందర. అరగంటలో రంధ్రం పూడిపోయింది!

లోపల ఇంకా అద్భుతం. రాలిన ఆకులు, ఎండుపుల్లలు తిని, ఆ విసర్జనతో స్పంజిలాంటి దిమ్మలు కట్టి వాటిపై బూజు పెంచుతాయి. కర్రలోని గట్టి పదార్థాన్ని ఆ బూజు మెత్తబరుస్తుంది, చెదలు దాన్ని తింటాయి. వానలకు అదే పైకి పొడుచుకొచ్చి గొడుగు విప్పుతుంది. పుట్టగొడుగు అన్న మాటలో మనవాళ్లు ఎంత చక్కగా చూశారో! వాన వెలిసిన సాయంత్రం మా వీధి దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లు కూడా ఈ చెదలే, రెక్కలొచ్చినవి.

చీమలు పెట్టిన పుట్టలు పాములకు నెలవంటారు. పుట్ట కట్టిన ఆ పేరు చీమలకు కాదు, చెదలకు దక్కాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.