ధాన్యం వ్యాపారపు లెక్కలకు బ్యాకప్ ఎంపిక

నెల్లూరులో ధాన్యం వ్యాపారం చేసే మా పెదనాన్నగారి ఆఫీసు కంప్యూటర్లకు బ్యాకప్ పద్ధతి ఎంచే పని నా మీద పడింది. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నదే అక్కడ అందరూ అడిగిన మొదటి మాట. నా దృష్టిలో మాత్రం, ఎన్నాళ్ల లెక్కలు పోయినా తిరిగి రాసుకోగలమో ముందు తేల్చుకోవాలి. కోతల రోజుల్లో ఒక్క పూట తూకం లెక్కలు పోయినా రైతులకు జవాబు చెప్పలేరు కనుక, వారానికొకసారి తీసే కాపీ వారికి చాలదు.

"గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి కదండీ" అన్నారు గుమాస్తాగారు. కంప్యూటర్లో ఫైల్ చెరిపితే, రెండు చోట్లా ఒకేలా ఉంచే సింక్ అక్కడా చెరిపేస్తుంది. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ రాసే రెయిడ్ పద్ధతి కూడా ఒక డిస్కు చెడిపోయినప్పుడే ఆదుకుంటుంది గానీ, పొరపాటున చెరిపినదాన్ని తిరిగి ఇవ్వదు. 2017 మే నెలలో మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లను సైతం తాకిన వన్నాక్రై వంటి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వస్తే, ఎప్పుడూ తగిలించి ఉంచిన ఎక్స్‌టర్నల్ డిస్కులోని ఫైళ్లకూ తాళం పడుతుంది.

అందుకే మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్లో అనే పాత సూత్రాన్నే పట్టుకున్నాను. ఆ వేరే ఊరు ఒంగోలు. 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు దగ్గర రైలు మార్గాన్ని ముంచెత్తిన సంగతి తెలిసినవారెవరూ, అదే వీధిలోని బంధువుల బీరువాను సురక్షితమైన చోటుగా లెక్కించరు.

ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లోని లెక్కలు చిన్నవి కనుక రోజూ రాత్రి పాస్‌వర్డ్‌తో క్లౌడ్‌కు వెళ్తాయి; ఆ పాస్‌వర్డ్ పోతే కాపీ ఉన్నా లేనట్టే కాబట్టి, కాగితం మీద రాసి ఒంగోలులో ఉంచాము. తెరిచి ఉన్న ఫైళ్లను అలాగే కాపీ చేస్తే లెక్కలు సగం సగం రావచ్చు కనుక, ట్యాలీలోనే ఉన్న బ్యాకప్ సదుపాయాన్ని వాడుతున్నాము. స్కాన్ చేసిన పత్రాలు, ఫొటోలు 500 జీబీ దాకా ఉన్నాయి. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో అవి ఎక్కడానికి 55 గంటలకు పైగా పడుతుంది కాబట్టి డిస్కులోనే పెట్టాము.

నెలకొకసారి ట్యాలీ లెక్కల కాపీని వేరే ల్యాప్‌టాప్‌లో రీస్టోర్ చేసి, చివరి బిల్లు నంబరు సరిపోయిందో లేదో గుమాస్తాగారే చూస్తారు. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. తెరిచి చూడని కాపీని నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. ఒంగోలు పంపే డిస్కు విషయంలో చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ కొందామని మా అన్నయ్య పట్టుబట్టాడు కానీ, ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడి ఉంటే అందులోని డేటా చెడిపోయే అవకాశం ఉంది కనుక మామూలు హార్డ్ డిస్కే తీసుకున్నాము.